బతుకు అల్లిన బుట్ట

ఆమె భర్తను చంపేశారు. పక్కన కూర్చున్నామె భర్త, చంపినవాళ్లలో ఒకడు. ఇద్దరి మధ్యా ఒకే నార కట్ట. ఇద్దరి చేతుల్లోనూ చెరో దబ్బనం. రువాండాలో కొన్ని వేలమంది ఆడవాళ్లు ఇలా పక్కపక్కన కూర్చుని బుట్టలు అల్లారు. అలా కూర్చోబెట్టింది ఏ ఉపదేశమో కాదు... ఆకలి!

రువాండా మధ్య ఆఫ్రికాలో ఉంటుంది. మన కేరళ కన్నా చిన్న దేశం. ఎటు చూసినా కొండలే. అందుకే దానికి 'వెయ్యి కొండల దేశం' అని పేరు. ఆ కొండల వాలుమీదే ఇళ్లు, అరటితోటలు, కాఫీ చెట్లు. బయటి ప్రపంచానికి ఆ దేశం పేరు తెలిసింది మాత్రం పచ్చదనం వల్ల కాదు, నెత్తురు వల్ల.

1994 ఏప్రిల్ 6 రాత్రి అప్పటి దేశాధ్యక్షుడు ప్రయాణిస్తున్న విమానాన్ని కూల్చేశారు. తెల్లారేసరికి హత్యాకాండ మొదలైంది. హుటు తెగకు చెందిన అతివాదులు టుట్సీ తెగవాళ్లను వెతికి వెతికి చంపారు. వద్దన్న హుటులనూ వదల్లేదు. చంపినవాళ్లు ఎక్కడినుంచో రాలేదు. చాలాచోట్ల ఇరుగుపొరుగువాళ్లే. నిన్నటిదాకా నిప్పు అడిగి తీసుకెళ్లినవాళ్లే కత్తులు పట్టుకుని వచ్చారు. దాదాపు వంద రోజుల్లో 8 లక్షల మంది చనిపోయారని ఐక్యరాజ్యసమితి అంచనా. రువాండా ప్రభుత్వ లెక్క ప్రకారం 10 లక్షల పైమాటే. రెండున్నర లక్షల నుంచి అయిదు లక్షల మంది ఆడవాళ్లపై అత్యాచారాలు జరిగి ఉంటాయని 1996లో ఐక్యరాజ్యసమితి ప్రతినిధి ఇచ్చిన నివేదిక చెప్పింది. వాళ్లలో చాలామందికి హెచ్ఐవీ సోకింది.

జులైలో మారణకాండ ఆగింది. అసలు కష్టాలు అప్పుడు మొదలయ్యాయి.

మగదిక్కు లేని ఊళ్లు

కొందరు మగవాళ్లు చనిపోయారు. కొందరు సరిహద్దులు దాటి పారిపోయారు. మారణకాండలో పాల్గొన్నారన్న ఆరోపణలతో లక్ష మందికి పైగా జైళ్లపాలయ్యారు. ఊళ్లలో మిగిలిన జనంలో 70 శాతం దాకా ఆడవాళ్లేనని అప్పటి అంచనా. మూడోవంతు కుటుంబాలకు ఆడవాళ్లే పెద్దదిక్కయ్యారు. తమ పిల్లలతోపాటు చనిపోయిన బంధువుల పిల్లలూ వచ్చి చేరారు. ఒక్కో ఇంట్లో అరడజను నోళ్లు.

జైల్లో ఉన్నవాళ్ల భార్యల పరిస్థితీ అంతంతమాత్రమే. ఇంట్లో పిల్లలకు పెట్టాలి. జైల్లో ఉన్న మొగుడికీ తిండి మోసుకెళ్లాలి. చుట్టుపక్కలవాళ్ల చూపులు భరించాలి. అటు బాధితురాలు, ఇటు నేరం చేసినవాడి ఇల్లాలు... పొయ్యిలో పిల్లి లేవకపోవడం మాత్రం ఇద్దరికీ ఒకటే.

మరి పని చేసుకుని బతకొచ్చుగా అంటే, ఆ దారీ అంత తేలిక కాదు. ఆడవాళ్లు ఇంటి కప్పు ఎక్కకూడదు, ఆవు పాలు పితకకూడదు అని అక్కడ కట్టుబాట్లుండేవి. పెళ్లయిన స్త్రీ వ్యాపారం చేయాలంటే భర్త అనుమతి ఉండాలి. మరి భర్తే లేకపోతే? ఆడపిల్లకు తండ్రి భూమిలో వాటా లేదు. భర్త చనిపోతే ఆ పొలం అతని అన్నదమ్ముల చేతుల్లోకి పోయేది. నాగలి పట్టడానికి మనిషి లేడు సరే, నాగలి దించడానికి నేలా లేదు.

మొదట కట్టుబాట్లు తెగాయి. వేరే దారి లేక ఆడవాళ్లే ఇళ్ల కప్పులెక్కి కప్పుకున్నారు. ఆవుల్నీ పితికారు. 1995 జనవరిలో యాభై మంది వితంతువులు కలిసి 'అవెగా' అనే సంఘం పెట్టుకున్నారు. ముందు ఒకరి గోడు ఒకరు వినడానికి, తర్వాత వైద్యానికి, ఇంటికి, బతుకుతెరువుకు అది ఆసరా అయింది. 1999లో వారసత్వ చట్టం మారింది. కొడుకుతో సమానంగా కూతురికీ హక్కు వచ్చింది. ఇక మిగిలింది ఒకటే ప్రశ్న. చేతికి నాలుగు డబ్బులు వచ్చేదెలా?

చేతిలోనే ఉంది విద్య

యుద్ధాలు ముగిసిన చోటుకు సేవాసంస్థలు వెళ్లగానే మొదట చేసే పని ఒకటుంది. ఓ గదిలో పది కుట్టుమిషన్లు పెట్టడం, ఆర్నెల్లు నేర్పడం, సర్టిఫికెట్ ఇచ్చి పంపడం. మంచి పనే. కానీ ఊళ్లో బట్టలు కుట్టించుకునే స్తోమత ఉన్నది పది ఇళ్లవాళ్లకైతే, వందమంది టైలర్లను తయారుచేసి ఏం లాభం? మిషన్ మూలనపడుతుంది. సర్టిఫికెట్ పెట్టె అడుగుకు చేరుతుంది.

రువాండా బుట్టల కథ దీనికి తిరగేసిన కథ. అక్కడ పని కొత్తగా నేర్పాల్సిన అవసరం లేదు. 'అగసెకె' అల్లడం తరతరాలుగా తల్లులు కూతుళ్లకు నేర్పుతున్నదే. సన్నటి గడ్డిని తాడులా పట్టి, దానిమీద కిత్తనార దారాన్ని దబ్బనంతో కుట్టుకుంటూ, చుట్టమీద చుట్టగా పైకి లేపుతారు. పైన గోపురంలా మొనదేరిన మూత. పెళ్లికి కానుకగా, ధాన్యం దాచుకునే పాత్రగా ప్రతి ఇంట్లోనూ ఉండేదది. మన పల్లెల్లో ఈతాకు బుట్ట ఎంత మామూలో, అక్కడ ఇది అంత మామూలు. అంతటి ఇంటి వస్తువు కాబట్టే 2001లో మార్చిన రువాండా జాతీయ చిహ్నంలో జొన్న కంకి, కాఫీ కొమ్మ పక్కన ఈ బుట్టకూ చోటు దొరికింది.

అయితే అందరి ఇళ్లలోనూ ఉన్నదాన్ని ఊళ్లో ఎవరు కొంటారు?

ఇక్కడే ఇద్దరు అక్కచెల్లెళ్ల ప్రస్తావన వస్తుంది. జానెట్ ఎన్‌కుబానా, జాయ్ ఎన్‌డుంగుట్సే. ఇద్దరూ పొరుగున ఉన్న ఉగాండాలో శరణార్థులుగా పెరిగారు. మారణకాండ ముగిశాక స్వదేశానికి వచ్చారు. జానెట్ రాజధాని కిగాలీలో ఓ హోటల్ చూసుకునేది. ఆకలితో ఉన్న ఆడవాళ్లు ఆ హోటల్‌కు బుట్టలు పట్టుకుని వచ్చేవారు. బుట్ట ఇచ్చి తిండి పట్టుకెళ్లేవారు. ఇలా ఎంతమందికని పెట్టగలరు? ఈ బుట్టల్ని డబ్బిచ్చి కొనేవాళ్లు ఎక్కడో ఉండే ఉంటారు కదా అనుకున్నారు అక్కచెల్లెళ్లు. 2000ల మొదట్లో వాళ్లు పెట్టిన సంస్థే 'గహాయా లింక్స్'. కొద్దిమందితో మొదలై, తర్వాత దేశమంతా ఊళ్లలోని అల్లికదారుల సంఘాలతో పనిచేసే స్థాయికి ఎదిగింది.

వంకర బుట్ట వద్దు

కొనేవాళ్లు దొరికారు. 2005లో అమెరికాలోని పేరున్న డిపార్ట్‌మెంట్ స్టోర్ 'మేసీస్' రువాండా బుట్టల్ని అమ్మకానికి పెట్టింది. విల్లా షాలిట్ అనే అమెరికా మహిళ మధ్యవర్తిగా నిలిచి ఆ దారి వేసింది. 'శాంతికి బాట' అన్న అర్థం వచ్చే పేరుతో వాటిని అమ్మారు.

శిక్షణ అవసరం అప్పుడు వచ్చింది. అల్లడం నేర్పడానికి కాదు, అమ్మేలా అల్లడం నేర్పడానికి!

ఇంట్లో వాడుకునే బుట్ట కాస్త వంకరగా ఉన్నా ఫర్వాలేదు. దుకాణానికి వెళ్లే బుట్టకు ఆ మాఫీ లేదు. వంద బుట్టలు ఆర్డరిస్తే వందా ఒకే సైజులో ఉండాలి. రంగు ఒక బుట్టలో ముదురు, మరో బుట్టలో లేత అయితే కుదరదు. నార సరిగా ఆరకపోతే ఓడలో వెళ్లేటప్పుడు బూజు పడుతుంది. అమెరికా ఇళ్లలో మొనదేరిన మూత బుట్టకన్నా, గోడకు తగిలించుకునేవి, బల్లమీద పళ్లు పెట్టుకునేవి ఎక్కువ పోతాయి. అందుకే లోతు తక్కువగా, వెడల్పాటి గిన్నెల్లా అల్లడం నేర్చుకున్నారు. అన్నిటికన్నా కష్టమైనది తేదీ. క్రిస్మస్ సరుకు క్రిస్మస్ వెళ్లాక చేరితే కొనేదెవరు?

ఓ మాదిరి బుట్ట పూర్తికావడానికి దాదాపు వారం పడుతుంది. అదీ పొలం పని, వంట, పిల్లలు... అన్నీ అయ్యాక మిగిలిన వేళల్లో. కొలత చూసుకోవడం, ఎన్ని ఇచ్చిందీ ఎంత రావాల్సిందీ రాసుకోవడం, తమ పేరున బ్యాంకు ఖాతా తెరవడం... ఇవన్నీ శిక్షణలో భాగమే. సంతకం చేయడం రాని చేతులకు ఖాతా పుస్తకం రావడం చిన్న విషయమేం కాదు.

వచ్చిన డబ్బు ఏం చేశారు? పిల్లల బడి ఫీజులు, ఆరోగ్య బీమా చందా, దోమతెర, మేక, ఇంటి మీదికి రేకులు. గొప్ప గొప్ప కోరికలేం కావు. కానీ వాటికోసం ఎవర్నీ చెయ్యి చాచి అడగాల్సిన అవసరం లేకపోవడమే వాళ్లకు గొప్ప. జానెట్‌కు 2008లో 'హంగర్ ప్రాజెక్ట్' సంస్థ ఆఫ్రికా నాయకత్వ బహుమతి ఇచ్చింది. సోమాలియాకు చెందిన ఫైజా జామా మొహమ్మద్‌తో కలిపి ఆమెను ఎంపిక చేశారు.

పక్కపక్కన...

అల్లిక సంఘాల్లో రెండు వర్గాల ఆడవాళ్లూ ఉన్నారు. భర్తల్ని, పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు ఒకవైపు. ఆ నేరాలకు జైలుకెళ్లిన మగవాళ్ల భార్యలు మరోవైపు. ఆర్డరు ఒక్కరిది కాదు, సంఘం మొత్తానిది. పక్కామె బుట్ట వంకరపోతే నష్టం అందరిదీ. కాబట్టి చెప్పక తప్పదు. 'ఇక్కడ దారం వదులైంది చూడు' అన్న మాట దగ్గర మొదలైన పలకరింపు, మీ పిల్లాడికి జ్వరం తగ్గిందా అనేదాకా వెళ్లడానికి ఎన్నాళ్లు పట్టిందో వాళ్లకే తెలుసు.

ఇంకోపక్క 2002 నుంచి 2012 దాకా 'గచాచా' అనే ఊరి న్యాయస్థానాలు నడిచాయి. చెట్ల కింద, మైదానాల్లో ఊరందరి ముందూ విచారణలు. ఎవరు ఎవర్ని ఎలా చంపారో అక్కడ బయటికొచ్చేది. దాదాపు 20 లక్షల కేసులు విన్నారు. అక్కడ ఎదురెదురుగా నిలబడినవాళ్లే అల్లికల దగ్గర పక్కపక్కన కూర్చోవాల్సి వచ్చింది. వాళ్లు క్షమించేశారా, మర్చిపోయారా అంటే... అది ఎవరి మనసుకు వాళ్లే చెప్పాల్సిన మాట. బుట్ట అల్లితే గాయం మానిపోతుందని ఎవరైనా అంటే నమ్మాల్సిన పనిలేదు. కానీ ఎవరి గుమ్మంలో వాళ్లు తలుపేసుకుని కూర్చునే రోజులు పోయి, ఒక చెట్టు నీడన కూర్చునే రోజులు వచ్చాయి. ఆ నీడ దగ్గరికి వాళ్లను తెచ్చింది మాత్రం పనే.

కాఫీ రుచి చూసే కొలువు

రువాండాలో ఆడవాళ్లను నిలబెట్టిన మరో పంట కాఫీ. నిజానికి అక్కడ కాఫీ కొత్తదేం కాదు. బెల్జియం పాలకుల కాలంలో బలవంతంగా వేయించిన పంటది. కాకపోతే పండును ఇంటి దగ్గరే రాళ్లతో పిండి, నేలమీద ఆరబోసి, దళారి ఎంతంటే అంతకు ఇచ్చేసేవారు. తాము పండించిన కాఫీ రుచి ఎలా ఉంటుందో కూడా చాలామందికి తెలియదు.

దక్షిణ రువాండాలోని మరాబాలో 1999లో రైతులు సంఘం పెట్టుకున్నారు. పేరు 'అబహుజముగంబి'. ఒకే లక్ష్యం కోసం కలిసి పనిచేసేవాళ్లు అని అర్థం. సభ్యుల్లో మారణకాండలో భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లు చాలామంది. అమెరికా సాయంతో, అక్కడి విశ్వవిద్యాలయాల నిపుణులతో నడిచిన 'పెర్ల్' అనే ప్రాజెక్టు వాళ్లకు తోడైంది. 2001లో కాఫీ పళ్లను కడిగే కేంద్రం ఏర్పాటైంది.

శిక్షణలో చెప్పినవి వినడానికి చిన్న విషయాలే. ఎర్రగా పండిన కాయే కోయాలి. కోసిన రోజే కేంద్రానికి చేర్చాలి. నీళ్లలో తేలిన కాయ తీసేయాలి. పైతోలు తీసి, నానబెట్టి, కడిగి, నేలమీద కాకుండా ఎత్తయిన వలబల్లల మీద ఆరబెట్టాలి. అరకు కాఫీ రైతులకు చెబితే, ఇందులో వింతేముంది అంటారు. కానీ ఆ నాలుగు జాగ్రత్తలతోనే దళారికి అమ్మే సరుకు కాస్తా, పేరుపెట్టి అడిగి కొనే సరుకైంది. 2002లో అమెరికాలోని లూసియానాకు చెందిన కాఫీ కంపెనీ మరాబా కాఫీని కొంది. 2003లో బ్రిటన్ సూపర్‌మార్కెట్లకు చేరింది. 2008లో ఆఫ్రికా ఖండంలోనే మొదటిసారిగా 'కప్ ఆఫ్ ఎక్సలెన్స్' పోటీ రువాండాలో జరిగింది.

కాఫీ గింజల్లో తాలు ఏరే పని ఎక్కువగా ఆడవాళ్లదే. వరుసగా బల్లల ముందు నిలబడి, వేళ్లతో గింజల్ని కదుపుతూ పుచ్చుల్ని ఏరతారు. అక్కడితో ఆగలేదు. కాఫీ రుచి చూసి నాణ్యత తేల్చే పనిలోనూ అమ్మాయిలకు శిక్షణ ఇచ్చారు. చెంచాతో చప్పుడయ్యేలా జుర్రి, నాలుకమీద తిప్పి, ఉమ్మేసి, మార్కులు వేయడం ఆ కొలువు. తాము పండించినదాని విలువ ఎంతో కొనడానికి వచ్చినవాడి నోటివెంట వినాల్సిన పనిలేదు. ముందే తమకు తెలుసు. బేరం దగ్గర అదెంత ధైర్యం!

ఇటుక మీద ఇటుక

తూర్పున కయోంజా అనే ఊళ్లో 2013లో ఓ మహిళా కేంద్రం మొదలైంది. యుద్ధబాధిత దేశాల్లో పనిచేసే 'విమెన్ ఫర్ విమెన్ ఇంటర్నేషనల్' కట్టించింది. ఆ సంస్థ 1993లో పుట్టింది. ఏడాదిపాటు సాగే శిక్షణలో చేతిపనితోపాటు లెక్కలు, ఆరోగ్యం, హక్కుల గురించి కూడా చెబుతుంది. కయోంజా కేంద్రం గోడలకు కావాల్సిన లక్షల ఇటుకలను బయట కొనలేదు. ఆడవాళ్లకే ఇటుకలు చేయడం నేర్పించారు. మట్టి తొక్కి, అచ్చులు పోసి, కాల్చి... తాము నేర్చుకోబోయే బడిని తామే కట్టుకున్నారు. శిక్షణ పూర్తయ్యేలోపే మొదటి కొనుగోలుదారు ఎదురుగా ఉన్నాడన్నమాట!

కొనేవాళ్లే కీలకం

రువాండాలో ఇప్పుడంతా బాగుందని కాదు. చాలామంది ఆడవాళ్లకు ఇప్పటికీ చిన్న కమతమే ఆధారం. బుట్టల ఆర్డర్లు ఏడాది పొడవునా ఒకేలా రావు. ఎక్కడో దూరదేశంలో జనం కొనడం తగ్గిస్తే ఇక్కడ కొండమీద దబ్బనం ఆగుతుంది. ఒకే దుకాణాన్ని, ఒకే దేశాన్ని నమ్ముకోవడంలో ఉండే ప్రమాదమది. 2008లో ప్రపంచంలోనే తొలిసారిగా మహిళలు సగానికి మించిన పార్లమెంటు ఏర్పడిన దేశమూ ఇదే, ప్రభుత్వాన్ని విమర్శించే స్వేచ్ఛ లేదన్న ఆరోపణలు ఎదుర్కొంటున్న దేశమూ ఇదే.

అయినా ఆ కొండలు చెప్పే పాఠం ఒకటుంది. చేతికి పని నేర్పడం తేలిక. ఆ పనికి కొనేవాళ్లను చూపించడం, అమ్మగా వచ్చిన డబ్బు ఆమె పేరునే ఉండేలా చూడటం... అదీ కష్టం. ఆ రెండూ జరిగినచోట శిక్షణ నిలబడింది.

పెళ్లికూతురికిచ్చే కానుకగా మొదలైంది అగసెకె. అన్నం కోసం చేతులు మారింది. ఓడలెక్కి సముద్రాలు దాటింది. ఎక్కడో ఓ ఇంటి గోడమీద వేలాడుతున్న బుట్టను చూసి అతిథులు 'ఎంత బాగుందో' అంటారు. దాన్ని అల్లినప్పుడు ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో ఆ గోడకు తెలియదు. కానీ బడి గంట వినగానే సంచీ పట్టుకుని కొండ దిగే పిల్లలకు తెలుసు... ఫీజు ఎక్కడినుంచి వచ్చిందో!

* * *

లెక్కలూ అదే చెబుతున్నాయి

పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాలో అంతర్యుద్ధం 2003లో ముగిసింది. 2010లో అక్కడ దాదాపు 2,500 మంది యువతులకు ప్రపంచబ్యాంకు సాయంతో శిక్షణ మొదలైంది. ఆర్నెల్లు తరగతులు. ఆ తర్వాత మరో ఆర్నెల్లు పని వెతుక్కోవడంలో, వ్యాపారం పెట్టుకోవడంలో తోడ్పాటు. ఇక్కడో కిటుకు పెట్టారు. శిక్షణ ఇచ్చిన సంస్థకు డబ్బు మొత్తం ముందే ఇవ్వలేదు. అమ్మాయిలు పనిలో కుదురుకున్నాకే మిగతాది! ఫలితం... శిక్షణ పొందనివాళ్లతో పోలిస్తే వీళ్లలో పని దొరికినవాళ్లు 47 శాతం, సంపాదన 80 శాతం ఎక్కువ.

ఉత్తర ఉగాండాలోనూ రెండు దశాబ్దాల పోరు ఊళ్లను ఖాళీ చేసింది. అక్కడ నిరుపేదలకు, ముఖ్యంగా ఆడవాళ్లకు కొద్దిరోజుల వ్యాపార శిక్షణతోపాటు సుమారు 150 డాలర్లు చేతికిచ్చారు. తర్వాత ఇంటికెళ్లి ఎలా సాగుతోందో కనుక్కున్నారు. చిన్న చిన్న అమ్మకాలతో వాళ్ల సంపాదన దాదాపు రెట్టింపయింది. సంఘాలుగా ఏర్పడేలా ప్రోత్సహించిన ఊళ్లలో ఇంకా పెరిగింది.

* * *

కాబూల్‌కు వెళ్లిన 'సేవా'

ఇలాంటి పనిలో మనదేశం పాత్రా ఉంది. ఇలా భట్ 1972లో అహ్మదాబాద్‌లో స్థాపించిన 'సేవా' సంస్థ, భారత ప్రభుత్వ సాయంతో అఫ్గానిస్థాన్ రాజధాని కాబూల్‌లో మహిళలకు శిక్షణకేంద్రం నడిపింది. ఆడవాళ్లకోసమే ఉన్న 'బాగ్-ఎ-జనానా' అనే తోట అందుకు వేదికైంది. యుద్ధంలో భర్తల్ని, తల్లిదండ్రుల్ని కోల్పోయినవాళ్లకు దుస్తుల తయారీ, మొక్కల పెంపకం, ఆహార పదార్థాల తయారీ, వాటిని అమ్ముకోవడం నేర్పారు. శ్రీలంకలో 2009లో యుద్ధం ముగిశాక బట్టికలోవాలోని యుద్ధ వితంతువుల కోసమూ 'సేవా' పనిచేసింది.

2021 ఆగస్టులో తాలిబన్లు తిరిగి అధికారంలోకి వచ్చారు. 2022 డిసెంబరులో స్వచ్ఛంద సంస్థల్లో ఆడవాళ్లు పనిచేయకూడదన్నారు. 2023 జులైలో బ్యూటీపార్లర్లు మూయించారు. నేర్చుకున్న పని చేతిలోనే ఉంది. గడప దాటే హక్కే లేకుండా పోయింది. రువాండాలో 1999 నాటి చట్టం ఎంత అవసరమైందో, కాబూల్‌ను చూస్తే తెలుస్తుంది.